కోసేసిన సీను

హిందీ సినిమాల్లో ఒక నటుడుండేవాడు. పేరు చెప్పను. చెప్పినా మీలో చాలామందికి తెలియదు గానీ, మొఖం చూపిస్తే మాత్రం "అరె, ఈయననా!" అంటారు. సేఠ్ లెక్కలు రాస్తూ పక్కన చేతులు కట్టుకుని నిలబడే మునీం, కళ్ళద్దాలు తీసి తల అడ్డంగా ఊపే డాక్టరు, కూతురి పెళ్ళి ఆగిపోతే గోడకు చేరగిలబడే తండ్రి, అందరూ ఆయనే. అక్కడ మరాఠీలో మాత్రం ఆయన పెద్ద హీరో. తర్వాత డైరెక్టరు కూడా అయ్యాడు. డెబ్బైల్లో మా వరంగల్‌లో ఈ సంగతి తెలిసిన మనిషి ఒకే ఒకతి, మా వదినె.

వదినెది సోలాపూర్. మాది నేతపని చేసుకునే కుటుంబం. తాతల కాలంలో మగ్గం మీద బతుకు గడవక కొందరు మూటాముల్లె సర్దుకుని సోలాపూర్ మిల్లులకు వెళ్ళారు. మిగిలినవాళ్ళం వరంగల్ మిల్లులో చేరాం. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఆగలేదు. అట్లా మా అన్నకు సోలాపూర్ పిల్లను చేశారు. ఆమె ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ మాట్లాడుతూ పెరిగింది. అక్కడ వీళ్ళను తెలుగువాళ్ళు అనేవారట. ఇక్కడికి రాగానే మా వాడవాళ్ళు "మరాఠామె" అని పేరు పెట్టారు. ఏ ఊళ్ళో ఉన్నా ఇంకో ఊరి మనిషే అయింది పాపం.

నేనప్పుడు హనుమకొండలో కాలేజీకి వెళుతున్నాను. ఆడబిడ్డను కదా, కొత్త వదినె మీద కాస్త పెత్తనం చేద్దామని నాకు మహా ఉబలాటంగా ఉండేది. ఆమె ఆ అవకాశమే ఇవ్వలేదు. వచ్చిన మర్నాడే నన్ను "అగ" అని పిలిచింది. మనం "ఏమే" అన్నట్టు మరాఠీలో ఆడవాళ్ళను అట్లా పిలుస్తారట.

"నాకు పేరున్నది" అన్నాను మూతి ముడిచి.

"పేరుపెట్టి అందరు పిలుస్తరు. అగ అని నేనొక్కదాన్నే పిలుస్త" అంది.

ఆ రోజు నుంచి ఆమెకు నేను అగనే అయ్యాను.

ఆ నటుడి గురించి మొదటిసారి విన్నది మిల్లు క్వార్టర్ల వెనక, ఇద్దరం బట్టలు ఆరేస్తున్నప్పుడు. వదినె వాళ్ళ నాయనకు నాటకాల పిచ్చి. బొంబాయి నుంచో పూనా నుంచో కంపెనీ దిగిందంటే ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా ఆయన నాటకానికి పోవాల్సిందే, కూతుర్ని భుజాన ఎక్కించుకుని మరీ. ఒక నాటకంలో ఒక ముసలి తండ్రి ఉంటాడు. కొడుకు అలిగి ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. పొద్దుగూకాక కూతురు తలుపు వేయబోతుంది. అటు తిరిగి పడుకున్న ముసలాయన మొఖం కూడా తిప్పకుండా అంటాడు, "బాళ్, దార్ ఉఘడంచ్ ఠేవ్" అని. బిడ్డా, తలుపు తీసే ఉంచు. అంతే, హాలంతా ముక్కులు చీదిందట.

నాటకం అయ్యాక వాళ్ళ నాయన ఆ ముసలాయన కాళ్ళకు మొక్కిస్తానని కూతుర్ని తెర వెనక్కు తీసుకుపోయాడు. అక్కడ బకెట్ ముందు కూర్చుని మొఖానికి పూసిన రంగు కడుక్కుంటున్నవాడు కుర్రవాడు.

"మీసాలు సుత సరిగ్గ రాలె అగ! మా నాయిన పరేషాన్. ఎవ్వలికి మొక్కాల్నో తెల్వక బకెట్‌కు మొక్కినట్టే వంగిండు" అని నవ్వింది వదినె.

ఆ లేత గొంతులో నుంచి అంత ముసలి గొంతు ఎట్లా వచ్చిందన్నది ఆమెకు జన్మలో తీరని ఆశ్చర్యం.

"చేసి చూపియ్యనా?" అంది. చేతిలో ఉన్న తడి తువ్వాలు భుజాన వేసుకుని, నాకు వీపు పెట్టి నిలబడి, ఆ మాట అంది. ఎగతాళి చేద్దామని నోరు తెరిచినదాన్ని అట్లనే ఉండిపోయాను. "బాళ్" అన్న పిలుపు గట్టిగా మొదలైంది. అక్కడి నుంచి మాటలు ఒక్కొక్క మెట్టూ దిగుతూ పోయాయి. చివరి మాట బయటికే రాలేదు, గొంతులోనే ఎక్కడో ఆగింది. మధ్యలో ఒక సన్నని జీర. అది మా వదినె గొంతు కాదు. నాకు తెలిసిన ఏ మనిషి గొంతూ కాదు. ఎండలో బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చింది. కారణం ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత ఆ నటుడు సినిమాల్లోకి పోయాడు. బొంబాయివాళ్ళు ఆయనకు ఇచ్చిన ముష్టి వేషాలు చూడటానికి మేమిద్దరం లేడీస్ క్లాసులో బెంచీలు అరగదీశాం. పోస్టర్ మీద ఆయన మొఖం ఎన్నడూ ఉండేది కాదు. పేర్లు పడేటప్పుడు ఒక గుంపుగా పడే పేర్లలో ఆయనది దూరి ఉండేది, వదినె దాన్ని గబుక్కున పట్టుకునేది. మొదట్లో మునీం, నౌకరు. కొన్నేళ్ళు పోయాక అంతా అయిపోయిన తర్వాత వచ్చే పోలీస్ ఇన్‌స్పెక్టర్. ఆ తర్వాత డాక్టరు. ఆ తర్వాత హీరోయిన్ తండ్రి.

"హీరోలు గట్లనే ఉంటాండ్రు, ఈయనొక్కడే ముసలోడైతాండు" అనేది వదినె, తన అన్ననెవరో పనిలో చిన్నచూపు చూసినట్టు ఉక్రోషంగా.

మేం ఇంటికి రాగానే మా అమ్మ, "ఏందే, నీ మునీం కనవడ్డడా ఇయ్యాల?" అని ఆటపట్టించేది.

"అత్తమ్మా, ఆయన మునీం కాదు. మా దిక్కు రాజు" అనేది వదినె.

ఆ రాజ్యం సంగతులు సోలాపూర్ నుంచి పెళ్ళిళ్ళకు వచ్చే చుట్టాలు చెప్పేవారు. మరాఠీలో ఆయన సినిమా వారాలకు వారాలు ఆడిందట. ఇప్పుడు తనే కథ రాసుకుని, తనే డైరెక్షన్ చేస్తున్నాడట. వదినె వాళ్ళకు అన్నం వడ్డించడం మరచిపోయి, గంటె పట్టుకుని అట్లనే నిలబడి వినేది. ఆ సినిమాలు మా ఊరికి వచ్చే దారే లేదు. ఒకసారి స్టేషన్ దగ్గరి హాల్లో గేటు మనిషిని అడిగింది కూడా. "మరాఠీ సినిమనా? నువ్వొక్కదానివి చూస్తె మేం బత్కుతమా అక్కా?" అన్నాడతను. పుట్టింటికి పోయినప్పుడల్లా ఆయన సినిమా పోయిన వారమే ఎత్తేశారనో, వచ్చే వారం పడుతుందనో చెప్పేవారు. అత్త మంచానపడ్డ ఇల్లు, ఇద్దరు చంటిపిల్లలు, వచ్చే వారం దాకా ఆగడం ఆమె చేతిలో పని కాదు.

"హిందీల ఆయన మాట్లాడుతాంటె, ఎవ్వలియో చెప్పులేసుకోని నడుస్తున్నట్టుంటది అగ. మరాఠీల వినాలె. ఆ గొంతు మల్ల ఒక్కపారి మరాఠీల వినాలె" అనేది.

ఆమె పెద్ద కోరికలు కోరే మనిషి కాదు. మా అన్న జీతంలో కోరినా తీరేవి కావు. నగ అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు. అడిగింది ఇదొక్కటే. అది మాత్రం మా ఎవరి వల్లా అయ్యేది కాదు.

నాకు పెళ్ళై హనుమకొండలోని సుబేదారికి వచ్చేశాను. మా ఆయనకు అక్కడే ఆఫీసులో ఉద్యోగం. కొన్నేళ్ళకు వదినె తమ్ముడి పెళ్ళికని సోలాపూర్ వెళ్ళి, వస్తూ వస్తూ మెరిసే మొఖంతో తిన్నగా మా ఇంటికే వచ్చింది. చూసింది హిందీ సినిమానే. కానీ అందులో ఆయనకు ఒక పెద్ద సీను పడిందట. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టిందట. "ఇగ వరంగల్‌కు రానీ. అందర్ని తోల్కపోత. మునీం మునీం అన్నరు గద, చూస్తరు" అంది.

ఆ సినిమా వరంగల్ వచ్చేసరికి మిర్చి సీజను మొదలైంది. వదినె వాడలో ఉన్న ఆడవాళ్ళందరినీ కూడగట్టి మ్యాట్నీకి బయలుదేరదీసింది. నాకూ కబురు పంపింది. ఎనుమాముల యార్డులో మిర్చి అమ్ముకున్న రైతులు బండ్లు విప్పి సినిమాకు వచ్చేవారు. వాళ్ళ బట్టల్లోని ఘాటుకు హాలంతా దగ్గే. ఆ దగ్గులో సినిమా మొదలైంది. టోపీ, నల్ల కోటు, వంగిన వీపుతో మునీం వచ్చాడు.

"గాయిననే! గాయిననే!" అని వదినె వరస మొత్తానికీ చూపించింది. "ఇప్పుడు కాదు, ఇంటర్వెల్ అయినంక చూడుండ్రి."

ఇంటర్వెల్ అయింది. పాట వచ్చింది, ఫైటు వచ్చింది, ఇంకో పాట వచ్చింది. సేఠ్‌ను పోలీసులు పట్టుకుపోయారు. హీరో హీరోయిన్లు ఒకటయ్యారు. లైట్లు వెలిగాయి. మునీం మళ్ళీ రాలేదు. సగం సినిమా దాకా తిరిగిన మనిషి కనబడకుండా పోతే, ఎటు పోయాడని హాల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు అది ఎక్కువ బాధ అనిపించింది.

"ఏడున్నడే నీ మునీం? నడుమనే షిఫ్టు దిగిండా?" అంది పక్కింటి పెద్దమ్మ. అందరూ నవ్వారు.

వదినె నవ్వలేదు. చెంగు నడుముకు దోపి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆపరేటర్ గది మెట్లెక్కింది. ఏం గొడవ అవుతుందోనని నేను వెనకాలే పరుగెత్తాను. ఆపరేటర్ రీలు విప్పి డబ్బాలో పెడుతున్నాడు.

"మునీం టోపీ తీసేటి సీను ఏడవోయింది?" అంది.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "అదా. కోసినం."

"ఎందుకు కోసిండ్రు?"

"ఒక్కటే ప్రింటమ్మా. ఈడ ఒక రీలు కాంగనే సైకిల్ మీద హనుమకొండ హాలుకు పోవాలె. సినిమ పొడుగున్నది, టైముకు అందుతలేదు. ఏదో ఒకటి కొయ్యాలె. పాట కోస్తె కుర్సీలు ఇరగ్గొడ్తరు. ఫైటు కోస్తె నన్నే కొడ్తరు. ముసలాయన టోపీ తీసుడు కోస్తె ఎవ్వలడుగుతరు? ఇన్నేండ్ల సంది కోస్తాన, అడిగింది నువ్వే ఫస్టు."

అతను అబద్ధం చెప్పలేదు, వెటకారమూ ఆడలేదు. అందువల్లే కాబోలు వదినెకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. కోపమొస్తే ఆమెకు మరాఠీ వచ్చేది. నాలుగు ముక్కలు మరాఠీలో అనేసి, మళ్ళీ తెలుగులోకి దిగి, "కోసిన ముక్క ఏది?" అంది.

"రీలుతోని హనుమకొండ హాలుకు పోయి ఆడ ఏడనో పడ్డది. దొర్కితె అతికిస్త తియ్యమ్మా."

అది దొరకనే లేదు. మేం కిందికి దిగేసరికి మా వాడ ఆడవాళ్ళు సోడా బండి దగ్గర నిలబడి ఉన్నారు. ఫస్టు షో కోసం రైతులు వరస కట్టారు. "ఇంతకు ఆ సీన్ల ఏమున్నదే, గంత పంచాది పెట్టుకుంటివి?" అంది పెద్దమ్మ. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

వదినె చెప్పడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి సేఠ్ ఏమన్నా తల ఊపిన మునీం. ఒకనాడు సేఠ్ పిలిచి, కోర్టులో ఒక అమాయకుడి మీద దొంగ సాక్ష్యం చెప్పమంటాడు. అక్కడిదాకా చెప్పి ఆగింది. అటూ ఇటూ చూసింది. నా చేతిలోని రుమాలు లాక్కుని, మడతపెట్టి నెత్తిన పెట్టుకుంది. సోడా బండి పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళి, వీపు వంచి, చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. వంకరగా ఉందని మళ్ళీ దాన్ని సరిచేసింది. ఎన్నో ఏళ్ళు నౌకరీ చేసిన మనిషి పోతూ పోతూ కూడా వస్తువు వంకరగా ఉండనియ్యడు. వెనక్కి తిరిగి నడిచి, ఆగి, మొఖం తిప్పకుండా అంది.

"టోపీ ఆప్ కీ థీ, సేఠ్‌జీ. సర్ మేరా హై."

టోపీ మీదే సేఠ్‌జీ. తల నాది. మా వాడలో అందరికీ అంతో ఇంతో ఉర్దూ అర్థమవుతుంది. అర్థం కాకపోయినా ఫరవాలేదు. అదే గొంతు. గట్టిగా మొదలై, మెట్లు దిగి, చివర మాటను మింగేసే ఆ ముసలి గొంతు. వరసలో ఉన్న రైతుల దగ్గు కూడా ఆగింది. ఆపరేటర్ డబ్బా భుజాన పెట్టుకుని మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. కింద సైకిలు మనిషి బెల్లు కొడుతున్నా కదలలేదు.

"గీ సీను లోపల లేదా? మరి లోపలికెందుకు పోవుడు?" అన్నాడు వరసలో ఒక పెద్దమనిషి. అప్పుడు అందరూ నవ్వారు. వదినె కూడా నవ్వింది.

ఆ రోజు నుంచి మా వాడలో ఆమె దశ తిరిగింది. ఎవరింట్లో పెళ్ళి పనులున్నా, పసుపు దంచేకాడ, పిండి వంటలకాడ "వదినే, కోసిన సీను చెయ్యవే" అని పట్టుబట్టేవారు. చిన్నపిల్లలు రుమాళ్ళు నెత్తిన పెట్టుకుని "సర్ మేరా హై" అంటూ వీధిలో తిరిగేవారు. వరంగల్ జనం ఎవరూ తెర మీద చూడని ఆ సీను మా వాడ మొత్తానికీ నోటికి వచ్చు. మా అమ్మ మంచంలోంచే "బల్ల మీద టోపీ సక్కగ పెట్టలేదే ఇయ్యాల" అని తప్పులు పట్టేది. "మరాఠామె" అనే మాట మెల్లగా వినబడకుండా పోయింది.

ఇంతలో మిల్లుకు చెడ్డ రోజులొచ్చాయి. మా అన్నకు పని ఉన్న రోజుల కన్నా లేని రోజులు ఎక్కువయ్యాయి. వదినె మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పనికి చేరింది. ఆ షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. పొద్దంతా ఆ మోతలో ఉండి వచ్చి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేది. మేం నవ్వేవాళ్ళం. కొన్నేళ్ళకు అరవడం మానేసి, మేం అరిస్తే గానీ పలకని స్థితికి వచ్చింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. నరాలు దెబ్బతిన్నాయి, ఇక రాదు అన్నారు. చెవికి మిషను పెట్టించాం. అది ఆమె చెవిలో ఈలలు వేసేది. నాలుగు రోజులు పెట్టుకుని, తీసి, పప్పు డబ్బాల వెనక పడేసింది.

"మీ మాటలు వినకుంటె నాకేం ఫికర్ లేదు. విన్నయే ఎక్కువ" అని మమ్మల్ని నవ్వించేది. ఒక్కసారి మాత్రం మా ఇంటి వంటగదిలో కూర్చుని, "ఆ గొంతు మల్ల వినకుంటనే పాయె అగ" అంది. నేను కూర కలుపుతూ అటు తిరిగే ఉన్నాను. ఇటు తిరిగితే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

సీను చేయడం కూడా మానేసింది. ఎవరు బతిమాలినా చేయలేదు. నేను గట్టిగా అడిగితే చెప్పింది. "నా గొంతే నాకు వినవడ్తలేదు. సరిగ్గ వస్తాందో, కుక్క మొరిగినట్టు వస్తాందో ఎట్ల తెల్వాలె? ఆయన గొంతును ఖరాబ్ చెయ్యను."

అప్పటికి మా ఇంటికి టీవీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వారానికో భాష సినిమా వేసేవారు, కింద ఇంగ్లీషు అక్షరాలతో. ఏ భాషో తెలియకుండా, సగం మంది నిద్రపోతూ చూసే సినిమాలు అవి. నేను మాత్రం మరాఠీ వంతు కోసం కాచుకుని కూర్చునేదాన్ని. ఒకటి రెండు వచ్చాయి గానీ ఆయనవి కావు. చివరికి ఒక వారం పేపర్లో ఆయన పేరు చూశాను. డైరెక్షన్ ఆయనదే, ముఖ్య పాత్ర కూడా ఆయనదే. చేతిలో పని అట్లనే వదిలేసి బస్సెక్కి వరంగల్ పోయాను.

వదినె సంతోషించలేదు. "చెవులున్నప్పుడు రాలె. ఇప్పుడెందుకొచ్చిండు?" అంది. ఆ కోపం నా మీద కాదని నాకు తెలుసు.

"నేను వింట. నీకు చెప్త" అన్నాను, ఆమెకు పెదవులు కనబడేలా ఒక్కొక్క మాటా విడదీసి.

"నీకు మరాఠీ ఎక్కడిదే?"

"కింద ఇంగ్లీషుల వస్తది. అది చదివి చెప్త."

"బర" అంది. సరే అని.

ఆదివారం మా అన్న ఆమెను తీసుకొచ్చాడు. పెళ్ళికి కట్టిన చీర కట్టుకుని వచ్చింది. నేను దాని గురించి ఏమీ అనలేదు. టీవీ ముందు చాప పరిచి ఇద్దరం కూర్చున్నాం. అన్న వెనక కుర్చీలో పేపర్ అడ్డం పెట్టుకుని కునుకుపాట్లు పడుతున్నాడు. పేర్లు పడుతుంటే వదినె వేలు పెట్టి చదివింది. "దిగ్దర్శక్", అంటే డైరెక్టరు, అన్న మాట కింద ఈసారి ఆయన పేరు ఒక్కటే ఉంది, తెరంత పెద్దగా. ఆమె ఆ పేరును గట్టిగా, ఇల్లు మారుమోగేలా చదివింది.

కథ ఒక రిటైరైన బడిపంతులుది. కాసేపటికి ఆయన వచ్చాడు. నిజంగా ముసలివాడైపోయాడు. చెంపలు లోపలికి పోయాయి, మెడ మీద చర్మం జారింది. నాటకంలో రంగు పూసుకుని ముసలివాడైన కుర్రాడు, ఇప్పుడు ఏ రంగూ లేకుండా ముసలివాడై నిలబడ్డాడు. నోరు తెరిచి కూతురిని పిలిచాడు. నేను కింద అక్షరాలు చదివి, గబగబా తెలుగులో చెప్పబోయాను.

వదినె చేత్తో నా నోరు మూసింది. "కథ వద్దు. గొంతు చెప్పు."

అప్పుడు చూశాను, ఆమె తెర వైపు చూడటం లేదు. ఆయన మాట్లాడినంతసేపూ నా మొఖం వైపే చూస్తోంది. నా మొఖంలో ఏం వినబడుతుందో అన్నట్టు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. "బాళ్" అన్నాడు ఆయన. పిలుపు గట్టిగా మొదలైంది. తర్వాత మాటలు మెట్లు దిగాయి. చివరిది గొంతులోనే ఆగిపోయింది. మధ్యలో అదే జీర. మిల్లు క్వార్టర్ల వెనక, తడి తువ్వాలు భుజాన వేసుకుని, నాకు వీపు పెట్టి నిలబడ్డ వదినె గొంతు. రవ్వంత తేడా లేదు. మీసాలు సరిగ్గా రాని వయసులో ఆయన తన ముసలితనాన్ని ఇంత ఖచ్చితంగా ఎట్లా ఊహించాడో, దాన్ని ఈమె ఇన్నేళ్ళు గొంతులో ఎట్లా దాచిందో!

"చెప్పవేంది? ఎట్లున్నది?"

నేను వేలితో ఆమె గొంతు ముట్టుకున్నాను. "ఇదే వదినె. నువ్వు చేసేదే."

"నా మనసు కోసం అంటానవ్."

"నా మీద ఒట్టు."

నమ్మలేదు. తల తిప్పుకుంది. కొంగు సరిచేసుకుని లేచింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. గోడ దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది. తెర మీద అప్పుడు పొలం గట్టున ఆయన ఒక్కడే నడిచి పోతున్నాడు, మాటల్లేవు. వదినె ఊపిరి తీసుకోవడం కనబడింది.

"బాళ్, దార్ ఉఘడంచ్ ఠేవ్."

కునుకుతున్న మా అన్న ఉలిక్కిపడి, పేపర్ దించి, టీవీ వైపు చూశాడు.

వదినె అప్పుడే ఇటు తిరిగింది. మా అన్న చూపు ఎటు పోయిందో చూసింది. ఆమె మొఖంలో అంత సంతోషం ఆమె పిల్లల పెళ్ళిళ్ళలో కూడా నేను చూడలేదు.

"చూసినవా అగ" అంది.

వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా కళ్ళు తెర మీది నుంచి తిప్పలేదు. నా మొఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వదినె పోయి చాలా ఏళ్ళయింది. ఆ సినిమా ఇప్పుడు ఫోన్లో దొరుకుతుంది. మనవరాలు వెతికి పెట్టి ఇచ్చింది. నేను అప్పుడప్పుడు పెట్టుకుని ఆ ఒక్క చోటు దాకా వింటాను. ఆయన "బాళ్" అంటాడు, మాటలు మెట్లు దిగుతాయి, మా వదినె వచ్చి గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆయన గొంతు అట్లా మిగిలింది, ఎవరైనా వినొచ్చు. వదినె సొంత గొంతు ఎక్కడా లేదు. దాన్ని పట్టి దాచాలని మాకెవరికీ తోచలేదు. నన్ను "అగ" అని పిలిచేది ఏ గొంతుతోనో ఎవరికైనా చేసి చూపిద్దామంటే, నాకు చేయడం రాదు.